పొదకు అవతల

దిగంబర్‌కు రెండు రైఫిళ్ళలో ఏది కొనాలో తేలడం లేదు.

రెండూ పాతవే. కొత్తది కొనే స్తోమత అతనికి లేదు. నిజామాబాద్‌లోని తుపాకుల దుకాణంలో అతనికి అందే ధరలో ఉన్నవి ఈ రెండే. ఒకదానికి గుండు పేలిన ప్రతిసారీ గొళ్ళెం వెనక్కి లాగి, ముందుకు తోసి, మళ్ళీ గురి చూసుకోవాలి. రెండోది సెమీ ఆటోమేటిక్. గొళ్ళెంతో పని లేదు. మ్యాగజైన్ ఖాళీ అయ్యేదాకా ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక గుండు.

వేటను చట్టం ఆపకముందు మాట ఇది. ఆదిలాబాద్ అడవుల్లో, జోడుబండ చుట్టుపక్కల ఒక చిరుత మనుషుల్ని తినడం మరిగింది. దిగంబర్ మేనత్త రుక్మాబాయిని పశువుల కొట్టం ముందు నుంచి ఎత్తుకుపోయింది. తల్లి పోయాక అతన్ని పెంచిన మనిషి ఆమె. వెతకగా దొరికినంతే తెచ్చి దహనం చేశారు.

దిగంబర్ సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ను నాలుగు రోజులు చూసి ఇస్తానని దుకాణంవాడిని ఒప్పించి, తిన్నగా గురువు దగ్గరికి వచ్చాడు.

గురువు పేరు కరామత్ అలీ. ఏ జంతువైనా మనుషుల మీదికి మళ్ళితే జిల్లా కచేరీ నుంచి ఆయనకే కబురు వచ్చేది. కడెం వాగు దగ్గర పెంకుటింట్లో ఒక్కడే ఉంటాడు. మాటలు తక్కువ. దిగంబర్ ఆయన దగ్గర రెండేళ్ళుగా వేట నేర్చుకుంటున్నాడు.

"ఉస్తాద్, నాకు ఇదే నచ్చింది. ఒక గుండు తప్పినా ఇంకోటి ఉంటది. అదీ తప్పితే ఇంకోటి. ఆ చిరుతకు లేచే సందే దొరకొద్దు."

కరామత్ అలీ రైఫిల్ అందుకున్నాడు. గొట్టంలోకి చూశాడు. భుజానికి ఆనించి దించాడు.

"మంచిగనే ఉన్నది," అని తిరిగి ఇచ్చేశాడు.

"కొనమంటరా?"

"తొందరేముంది బేటా. చేతిల ఉన్నది గద. చూడు."

మర్నాడే కబురు వచ్చింది. జోడుబండ ఊరి బయట చిరుత ఒక దూడను కొట్టింది. సగం తిని, మిగిలింది వదిలి వెళ్ళింది. మళ్ళీ వస్తుంది. ఆ వైపు అడవిలోకి ఎవరూ పోవద్దని ఊళ్ళో దండోరా వేయించారు.

మరునాడు తెల్లవారకముందే గురుశిష్యులిద్దరూ దూడకు ఎదురుగా చెట్టు మీద కట్టిన మంచె ఎక్కారు. కరామత్ అలీ దగ్గర ఆయన పాత జంట గొట్టాల తుపాకీ ఉంది. దాన్ని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి గుండు నీదేనని శిష్యుడికి కళ్ళతోనే చెప్పాడు.

వెలుతురు పడుతుండగా చిరుత వచ్చింది. అడుగుల చప్పుడు లేదు. ఆకు కదల్లేదు. అప్పటిదాకా ఖాళీగా ఉన్నచోట అది ఉంది, అంతే.

దిగంబర్‌కు కొట్టం ముందు పడి ఉన్న మేనత్త చెప్పు గుర్తుకొచ్చింది. ట్రిగ్గర్ నొక్కాడు. ఆపకుండా నొక్కుతూనే ఉన్నాడు. దుమ్ము లేచింది, కొమ్మలు విరిగాయి. చిరుత ఒక్కసారి గిర్రున తిరిగి, వెనక కాలు ఈడ్చుకుంటూ పక్కనే ఉన్న ముళ్ళపొదలోకి దూరిపోయింది.

తర్వాత అడవిలో ఒక్క పిట్ట కూడా కూయలేదు.

"తగిలింది ఉస్తాద్!"

"కాలుకు తగిలింది," అన్నాడు కరామత్ అలీ.

గాయపడిన చిరుతను అలా వదిలి వెళ్ళకూడదు. ఎదురుపడ్డ మొదటి మనిషిని అది చీల్చేస్తుంది. ఇద్దరూ దిగారు. దిగంబర్ కొత్త మ్యాగజైన్ ఎక్కించాడు.

పొద పెద్దదే. నాలుగు ఎద్దుల బండ్లు పట్టేంత జాగాలో ముళ్ళకంప అల్లుకుపోయి ఉంది. లోపల ఏమీ కనిపించడం లేదు. మధ్యమధ్య గొంతులోంచి తీసే గురగుర మాత్రం వినిపిస్తోంది. అది ఏ మూల నుంచి వస్తోందో చెప్పలేని చప్పుడు.

"లోపలికి పోతే మనల్ని చంపుతది," దిగంబర్ గొంతు తగ్గించి అన్నాడు. "పోవుడెందుకు? ఇక్కడ నిలబడే పొద మొత్తం జల్లెడ చేస్త. ఇంకో మ్యాగజైన్ గూడ ఉన్నది. ఏదో ఒకటి తగులకపోతదా."

కరామత్ అలీ అతని ముఖం వైపు చూశాడు. తుపాకీ భుజాన వేసుకుని, పొదకు దూరంగా, చుట్టూ తిరిగి నడవసాగాడు.

ఎక్కడికి పోతున్నాడో దిగంబర్‌కు అర్థం కాలేదు. కేకేస్తే చిరుత రేగుతుంది. నోరు మూసుకుని చూస్తూ నిలబడ్డాడు.

ముసలాయన తొందరపడలేదు. పొద చివరిదాకా వెళ్ళి, మలుపు తిరిగి, సరిగ్గా శిష్యుడికి ఎదురుగా, పొదకు అవతల వచ్చి నిలబడ్డాడు. ముళ్ళకంప పైన ఆయన ఛాతీ, తెల్లగడ్డం కనిపిస్తున్నాయి. ఒకసారి వెనక్కి తిరిగి కిందికి చూశాడు. పెదాలు కదిలాయి. ఏదో దువా చదువుకుంటున్నాడనుకున్నాడు దిగంబర్. తర్వాత తుపాకీ చేతుల్లోకి తీసుకుని ఇటు తిరిగాడు.

"ఇగ కొట్టు," అన్నాడు. మామూలు గొంతుతోనే.

దిగంబర్ రైఫిల్ ఎత్తాడు. ఎక్కడ గురి పెట్టినా గొట్టం కొసన ఆ తెల్లగడ్డమే కనిపించింది. కాస్త పక్కకు జరిపాడు. ముళ్ళకు తగిలి గుండు ఎటు మళ్ళుతుందో ఎవరికి తెలుసు? గొట్టం దించాడు. చెమట కళ్ళలోకి కారింది. తుడుచుకోవడానికి చెయ్యి తీసే ధైర్యం లేదు.

పక్కకు తప్పుకోమని గురువుకు సైగ చేశాడు. ఆయన కదల్లేదు.

ఇక చేయగలిగింది ఒక్కటే. దిగంబర్ ట్రిగ్గర్ మీంచి వేలు తీశాడు. కాళ్ళు ఎడంగా పెట్టుకున్నాడు. పొద అంచును చూడటం మొదలుపెట్టాడు.

ఎంతసేపలా నిలబడ్డాడో అతనికి తర్వాత కూడా గుర్తు రాలేదు. మొదట గుండె చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. మెల్లగా అది సద్దుమణిగింది. అప్పుడు గురగుర ఏ వైపు నుంచి వస్తోందో తెలిసింది. ఎడమ వైపు. ఒక ఎండు పుల్ల విరిగింది. కింద గడ్డి మొదళ్ళ దగ్గర పసుప్పచ్చగా ఏదో కదిలింది. దిగంబర్ కాల్చలేదు. దాని వెనక ఇంకా పొద ఉంది. పొద వెనక మనిషి ఉన్నాడు.

గురగుర ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలోంచే చిరుత దూకింది. చెవులు వెనక్కి పెట్టి, నేలను కరుచుకుని అతని మీదికే వచ్చింది. దిగంబర్ నిలబడ్డచోటి నుంచి కదల్లేదు. అది పొద దాటి, బయలు దాటి, తన కాళ్ళ దగ్గరికి వచ్చేదాకా ఆగాడు. గొట్టం కిందికి వంచాడు. ఒక్కసారి నొక్కాడు.

చిరుత అతని చెప్పుల ముందు పడింది. కాళ్ళు రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయాయి.

అతనికి కేక వేయాలనిపించలేదు. మేనత్త గుర్తుకొచ్చింది. ఏడుపు రాబోయి ఆగింది. చిరుత మళ్ళీ కదలదని తేల్చుకుని, పొద చుట్టూ తిరిగి గురువు దగ్గరికి నడిచాడు.

అక్కడికి వెళ్ళి ఆగిపోయాడు.

కరామత్ అలీ వెనక, తునికి మొక్కల చాటున, ఇద్దరు ఆడవాళ్ళు నేలకు అతుక్కుపోయి ఉన్నారు. పక్కన బీడీల కోసం కోసిన తునికాకు మూటలు పడి ఉన్నాయి. దండోరా విన్నా, ఒక పూట ఆకు కూలి పోగొట్టుకోలేక వచ్చినవాళ్ళు. మొదటి కాల్పులకే భయపడి అక్కడ పడుకున్నారు. తర్వాత గురగుర వినిపించి లేవలేకపోయారు. పెద్దామె అరచెయ్యి ఇంకా చిన్నామె నోటి మీదే ఉంది.

"లేవుండ్రి అమ్మా, అయిపోయింది," అన్నాడు కరామత్ అలీ.

వాళ్ళు లేచారు. చిన్నామె దిగంబర్ చేతిలోని రైఫిల్‌ను చూసి పెద్దామె వెనక్కి జరిగింది.

ఎండ ఎక్కుతుండగా ఊరు ఊరంతా వచ్చి చిరుతను మోసుకుపోయింది. డప్పులు కొట్టారు. దిగంబర్ మెడలో పూలదండ వేశారు. అతను దాన్ని తీసి చేత్తో పట్టుకుని, గురువు వెంట ఇంటిదారి పట్టాడు.

"ఏది కొంటున్నవ్ మరి?" దారిలో కరామత్ అలీ అడిగాడు.

దిగంబర్ తలవంచుకుని నడుస్తున్నాడు. "మీరు ఏది చెప్తే అది."

"ఇదే తీసుకో. నీకు చేతికి కుదిరింది. తుపాకీల ఏం దోషం లేదు."

వాగు దగ్గరికి వచ్చారు. ముసలాయన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నీళ్ళలోకి దిగాడు. దిగంబర్ గట్టు మీదే ఆగిపోయాడు.

"ఉస్తాద్, ఆ ఆడోళ్ళు అక్కడున్నరని మీకు ముందే ఎరుకనా?"

"లేదు. పోయినంక చూసిన."

"తెల్వకపోతే, మరి అక్కడికి ఎందుకు పోయిన్రు?"

కరామత్ అలీ నీళ్ళలో ఆగి వెనక్కి తిరిగాడు.

"తెల్వదు కాబట్టే పోయిన."