మీద అరుపు, కోసం అరుపు

ఒకానొక రాజ్యంలో, కుంభవరమనే కోటలో అనంతభూపతి అనే రాజు ఉండేవాడు. తనంతటి భాషావేత్త భూమ్మీద లేడని ఆయన నమ్మకం. ఒకనాడు కొలువులో మీసం దువ్వుకుని ఇలా సెలవిచ్చాడు:

"కేక, బొబ్బ, రంకె, గద్దింపు... ఎందుకయ్యా ఇన్ని మాటలు? గొంతు పెద్దదైతే అరుపే! నేటినుంచి ఆ ఒక్క మాటే వాడాలి. ఇకమీదట నా మీద ఎవడైనా అరిస్తే రాజ్యం దాటిస్తాను."

కొలువులో తగవులు తీర్చే లింగన నెత్తి పట్టుకున్నాడు. ఆనాటినుంచి అతనికి తిండి లేదు, నిద్ర లేదు.

"నా పెళ్లాం నా మీద అరిచింది బాబూ!" అంటూ ఒకడొచ్చేవాడు.

"తిట్టిందా? అన్నానికి కేకేసిందా?"

"ఆ మాట అనకూడదు కదండీ!"

"మరి ఏమని అరిచింది?"

"కూర చల్లారిపోతోందని."

"వెళ్లి తినవయ్యా బాబూ!" అని లింగన దండం పెట్టేవాడు. వాడు గడప దాటేలోగా ఇంకొకడు తయారు.

ఇలా ఉండగా రాజు ఏటి అవతల వేటకు బయలుదేరాడు. రేవు పక్కన ఇసుక నున్నగా కనిపించేసరికి గుర్రాన్ని అటు తిప్పాడు. పడవ నడిపే గురవయ్య అది చూశాడు.

"దొరా! ఆగండి! ఊబి!" అని గొంతు చించుకున్నాడు.

రాజు ఉలిక్కిపడి కళ్లెం లాగాడు. గుర్రం ముందుకాళ్లు మోకాళ్లదాకా దిగబడి, ఎలాగో బయటపడింది. ప్రాణం దక్కింది. కాని పరివారమంతా చూస్తుండగా ఉలిక్కిపడడం ఆయనకు తలవంపులుగా తోచింది.

"పడవవాడు నా మీద అరిచాడు. రేపు కొలువు కాగానే వీణ్ణి రాజ్యం దాటించండి!"

గురవయ్య లింగన కాళ్ల మీద పడ్డాడు. "నేను అరవలేదు బాబయ్యా, కేకేశాను. ఈ ఏరు విడిచి పిల్లలతో ఎక్కడికి పోను?"

"కేక అనే మాటే తీసేశారు కదయ్యా!" అని లింగన విసుక్కున్నాడు. విసుగు గురవయ్య మీద కాదు. ప్రాణం కాపాడినవాడికి శిక్ష వేసే ఆజ్ఞ మీద.

మర్నాడు గురవయ్యను కొలువుకు తెచ్చి నిలబెట్టారు. రాజు సింహాసనం ఎక్కగానే, బిరుదులు చదివే వంది ఎప్పటిలాగే స్తంభాలు అదిరేలా అందుకున్నాడు: "రాజాధిరాజ! శత్రుభయంకర! సకలభాషా..."

"భటులారా, పట్టుకోండి వీణ్ణి!" అన్నాడు లింగన.

భటులు వందిని రెక్క పట్టుకుని నిలబెట్టారు. రాజు దిగ్గున లేచాడు. "లింగనా! నీకు మతిపోయిందా?"

"ఇంకా పోలేదు ప్రభూ, పోయేలా ఉంది. వీడి గొంతు పెద్దదా, కాదా?"

"పెద్దదే!"

"అరిచింది తమ ముఖానికి ఎదురుగానే కదా? గురవయ్యతోపాటు వీణ్ణీ రాజ్యం దాటిస్తాను."

"మూర్ఖుడా! వాడు నన్ను కీర్తిస్తున్నాడు! నా మీద అరవడం వేరు, నా కోసం అరవడం వేరు! ఆమాత్రం తేడా తెలియదూ?"

లింగన చేతులు కట్టుకున్నాడు. "ఇప్పుడే తెలిసింది ప్రభూ. మరి నిన్న ఏటి ఒడ్డున గురవయ్య అరిచింది తమ మీదా, తమ కోసమా?"

రాజు గురవయ్య వంక తిరిగాడు.

"నా కోసమే," అన్నాడు మెల్లగా. అంతలోనే పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. "నా నోటితోనే చెప్పించావు కదయ్యా!"

గురవయ్యకు తన చేతి బంగారు కడియం తొడిగాడు. తీసేసిన మాటలన్నీ ఎప్పటిలాగే వాడుకోమన్నాడు. తరవాత లింగన వైపు తిరిగి, "నీకేం కావాలో కోరుకో," అన్నాడు.

"మా అత్తగారి ఊరు వెళ్లడానికి సెలవిప్పించండి ప్రభూ."

"అక్కడ ప్రశాంతంగా ఉంటుందా?"

"లేదు ప్రభూ. మా అత్తగారు తెల్లవారింది మొదలు అరుస్తూనే ఉంటారు. కాని అది నా మీదేనని ఊరందరికీ తెలుసు. నేను తీర్పు చెప్పనక్కర్లేదు."

రాజు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, లింగనకు పట్టుశాలువా కప్పి, సొంత పల్లకిలో సాగనంపాడు.