ఎదురు తిరిగే తాడు

పూర్ణిమ ఆ సాయంత్రం కూడా ఆలస్యంగానే వచ్చింది.

సాలూరులో లారీ బాడీలు కట్టే షెడ్డు ఒకటుంది. పని ఆగిపోయాక అక్కడ పైడయ్య గురువుగారు ఆడపిల్లలకి కోలాటం నేర్పుతారు. పైన ఇనప దూలానికి ఒక రింగు ఉంటుంది. దానికి రంగురంగుల గుడ్డతాళ్ళు వేలాడుతుంటాయి. ఒక్కో పిల్ల ఒక్కో తాడు పట్టుకుంటుంది. సగంమంది కుడికి తిరుగుతారు, సగంమంది ఎడమకి. ఎదురొచ్చిన పిల్లని ఒకసారి లోపల్నుంచి, ఒకసారి బయటనుంచి దాటుకుంటూ పోతే పైన తాళ్ళన్నీ జడలాగ అల్లుకుంటాయి. దాన్నే జడకోపు అంటారు.

అల్లడం సగం ఆటే. వేసిన అడుగులే వెనక్కి వేసి ఆ జడని మళ్ళీ విప్పాలి. చేత్తో విప్పకూడదు. అది గురువుగారి గురువు పెట్టిన కట్టుబాటు. కాలు వేసిన చిక్కు కాలితోనే పోవాలి.

పూర్ణిమ ఒంటిమీద ఎన్‌సీసీ బట్టలు ఇంకా అలాగే ఉన్నాయి. ఒక చేత్తో బూట్లు విప్పుకుంటూ, ఒక కాలిమీద గెంతుకుంటూ లోపలికి వచ్చింది.

"వొచ్చిందర్రా కలెక్టరు! లెగండి, సెల్యూట్ కొట్టండి" అంది సీతాలు. సీతాలు ఆటలో పూర్ణిమకి ఎదురు తిరిగే పిల్ల. పిల్లలందరూ కిసుక్కున నవ్వారు.

గురువుగారు నవ్వలేదు. "ఏటమ్మా, ఈయేళ ఎక్కడ్నుంచి?" అని అడిగారు.

"పరేడ్ నుంచండి. దాని ముందు క్విజ్. పొద్దున్న అడ్వాన్స్‌డ్ లెక్కల క్లాసు, మధ్యాహ్నం కంప్యూటర్ కోర్సు. రేపు ఇంగ్లీష్ డిబేటుందండి."

ఆయాసంగా చెప్పినా, చెప్తున్నప్పుడు ఆమె మెడ కొంచెం నిటారుగా అయింది.

పూర్ణిమ ఇంటర్ రెండో సంవత్సరం. లెక్కలంటే ప్రాణం. హైదరాబాదులో లెక్కల కోసమే ఒక పెద్ద కాలేజీ ఉంది. అందులో సీటు కోసం వచ్చే నెల అప్లికేషన్ పెట్టాలి. వాళ్ళు మార్కులొక్కటే చూడరని, ఇంకా ఏమేం చేశావని కూడా అడుగుతారని లెక్చరర్ సత్యమూర్తి సార్ చెప్పారు. అప్పట్నుంచి ఎవరు దేనికి పేర్లు అడిగినా ఆమె చెయ్యి లేచేది. ఒక్కటి వదిలినా సీటు పోతుందేమోనని భయం.

మొదట్లో ఇలా ఉండేది కాదు. లెక్కల క్లాసులో కూర్చుంటే ఆమె వేలు బెంచీమీద తాళ్ళ దారులు గీసేది. కోలాటం ఆడుతుంటే తెగని లెక్క ఏదో తెగిపోయేది. ఇప్పుడు పరేడ్‌లో డిబేటు గుర్తొస్తుంది, డిబేటులో కంప్యూటర్ గుర్తొస్తుంది. పోయిన వారం పరీక్షలో తనకి బాగా వచ్చిన లెక్కే సగంలో ఆగిపోయింది. ఇంటికెళ్ళి ఎవరికీ చెప్పకుండా ఏడ్చింది.

ఆ రోజు ఇంక ఆగలేక అడిగేసింది.

"గురువుగారూ, ఏదీ వొదలకుండా అన్నీ పట్టుకోడం ఎలాగండి?"

గురువుగారు తలెత్తి తాళ్ళకేసి చూశారు.

"ముందు ఆడమ్మా" అన్నారు.

పూర్ణిమది పసుపు తాడు. దాని పక్కనే ఎర్ర తాడు ఒకటి ఖాళీగా వేలాడుతోంది. గురువుగారు ఆ ఎర్ర తాడు తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.

"దీన్నీ తిప్పు."

"రెండాండీ?"

"ఏం, బరువా?"

పిల్లలు మొహాలు చూసుకున్నారు. ఒక మనిషి రెండు తాళ్ళతో ఆడటం వాళ్ళెవరూ చూడలేదు. గురువుగారు విజిల్ ఊది పాట అందుకున్నారు.

మొదటి చుట్టులో పూర్ణిమ చెయ్యి కొంచెం తడబడింది. రెండో చుట్టుకి కుదిరింది. రెండు తాళ్ళూ ఒకే పిడికిట్లో, ఆమెతోపాటే కుడికి తిరిగాయి. పైన జడలో ఆమె పాయ ఒక్కటే లావుగా, పసుపూ ఎరుపూ కలిసి మెరుస్తూ దిగింది. వెనక్కి ఆడితే ఒక్క మెలి లేకుండా విడిపోయింది.

"ఓలమ్మా! ఎంత బాగుందే!" అంది మంగ.

పూర్ణిమ మొహం వెలిగిపోయింది. "గురువుగారూ, ఇంకోటి కూడా ఇవ్వండి. పట్టుకుంటాను."

"పట్టుకుంటావా?"

"పట్టుకుంటానండి."

గురువుగారు సీతాలు దగ్గరికెళ్ళి ఆమె చేతిలో ఉన్న ఆకుపచ్చ తాడు తీసుకున్నారు.

"నాదెందుకండీ?" అని మూతి ముడిచింది సీతాలు.

"కూసేపు కూకోయే. మీ కలెక్టరు తిప్పుద్దిలే."

విజిల్ మోగింది. పూర్ణిమ మూడు తాళ్ళతో అడుగు వేసింది. పసుపూ ఎరుపూ చక్కగా వచ్చాయి. ఆకుపచ్చది రాలేదు. అది ఎడమకి తిరగాల్సిన తాడు. ఆమె కుడికి లాగుతోంది. దాటాల్సిన చోట దాటే మనిషి లేదు. లోపల్నుంచి రావాల్సిన మంగ ఆగిపోయింది, వెనకనున్న పిల్ల ఆమెని గుద్దుకుంది. పాట ఇంకా సగం కూడా అవలేదు. పైన పిచిక గూడంత చిక్కు పడింది.

ఆట ఆగిపోయింది.

పూర్ణిమ గబగబా పక్కనున్న స్టూలు లాక్కుని ఎక్కి, చిక్కు దగ్గరికి చెయ్యి చాపింది.

గురువుగారు నెమ్మదిగా వచ్చి, ఆమె దిగేదాకా ఆగి, ఆ స్టూలు తీసుకెళ్ళి దానిమీద తను కూర్చున్నారు.

బయట ఏదో లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఇదింక విడదే. కత్తెట్టి కొయ్యాల్సిందే" అని గొణిగింది మంగ.

పూర్ణిమ తలెత్తి చిక్కుకేసి చూస్తూ నిలబడింది. చాలాసేపు చూసింది. ఆమె వేలు గాల్లో చిన్నగా కదిలింది, బెంచీమీద గీసేటప్పుడు కదిలినట్టే. ఏ తాడు దేనిమీద నుంచి పోయింది, ఏది దేని కిందనుంచి వచ్చింది, ఒక్కొక్క అడుగే వెనక్కి కనిపించడం మొదలైంది.

మూడు తాళ్ళూ మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"మంగా, నువ్వు అలాగే వెనక్కి రా. లోపల్నుంచి కాదు, బయటనుంచి. ఆఁ. అందరూ ఉండండి, నన్ను దాటనీండి. ఇప్పుడు రండి."

పాట లేదు, విజిల్ లేదు. ఆమె చెప్పిన మాటకి పిల్లలు అడుగులు వేశారు. ఒక మెలి విడింది. ఇంకోటి విడింది. ఆఖరున ఆకుపచ్చ తాడు జారి, ఊగుతూ దాని చోటుకి అది వచ్చేసింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలని కూడా ఎవరికీ తోచలేదు.

గురువుగారు లేచి నిలబడ్డారు. భుజంమీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు. చెమటకి అనుకున్నారు పిల్లలు.

"సరైన జడ ఎవరైనా ఇప్పుతారమ్మా. తప్పు జడని ఎనక్కి నడిపించినోల్లని, మా గురువు తరవాత నిన్నే సూసేను" అన్నారు.

పూర్ణిమ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి ఆకుపచ్చ తాడు సీతాలు చేతిలో పెట్టింది. సీతాలు దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"గురువుగారూ, మరి అన్నీ ఎలాగ..." అని మొదలుపెట్టి, పూర్ణిమ ఆగిపోయింది. తన పిడికిలికేసి చూసుకుంది. అందులో ఒకేవైపు తిరిగే పసుపూ ఎరుపూ ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే కాలేజీలో సత్యమూర్తి సార్ దగ్గరికి వెళ్ళింది.

"సార్, డిబేటుకి నా పేరు తీసేయండి. క్విజ్‌కి కూడా. ఎన్‌సీసీలోనూ, కంప్యూటర్ కోర్సులోనూ మానేస్తానని నేనే చెప్పేశాను."

సార్ కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "ఇంకేం మిగిలాయమ్మా?"

"అడ్వాన్స్‌డ్ లెక్కలూ, కోలాటమూ ఉంటాయి సార్."

"రెండేనా? ఆ హైదరాబాదు కాలేజీవాళ్ళు చాలా అడుగుతారే."

"అడగనీండి సార్. ఈ రెంటి గురించి ఎంతసేపడిగినా చెప్తాను."

"రేపు సీటు రాకపోతే నన్ననకూడదు మరి."

"అననండి."

సార్‌కి దణ్ణం పెట్టి లెక్కల క్లాసుకి వెళ్ళింది.

ఆ సాయంత్రం గురువుగారు షెడ్డుకి వచ్చేసరికి లోపల ఎవరో పిల్ల లంగావోణీ బిగించి కట్టుకుని, తాళ్ళన్నీ దులిపి, ఎవరి తాడు వాళ్ళ చోటున వేలాడదీస్తోంది. మిగతా పిల్లలు ఇంకా రాలేదు.

గురువుగారు గుమ్మంలోనే ఆగారు.

"ఏటమ్మా, ఈయేళ ఎక్కడ్నుంచి?"

"ఇంటి నుంచేనండి" అంది పూర్ణిమ.

గురువుగారు లోపలికి వచ్చి, పసుపు తాడూ ఎర్ర తాడూ కలిపి ఆమె చేతిలో పెట్టారు.