కొలిచే ముల్లు

ఆకాశమే నెలవుగా, శబ్దమే మేనుగా వెలుగొందే వాగ్దేవికి మ్రొక్కి, ఒక్క మీటరు మాత్రమే ఉన్న ఇంట సోమయాజులు అనే శిష్యుడు నేర్చిన పాఠాన్ని విన్నవిస్తున్నాను. సహృదయులు చిత్తగింతురు గాక.

కాకినాడకు దిగువన, సముద్రపు హోరు వినవచ్చే వీధిలో విశ్వపతిగారు కాపురముండేవారు. వయసులో ఓడలమీద వైర్‌లెస్ ఆపరేటరుగా తిరిగి, వార్ధక్యంలో నలుగురు శిష్యులకు చేతితో రేడియోలు కట్టే విద్య నేర్పుతుండేవారు. ఆ ఇంట విద్యుత్తును కొలిచే సాధనమల్లా పగిలిన అద్దాన్ని లక్కతో అతికించిన పాత మీటరొక్కటే. అక్కడొక ఆచారం ఉండేది: కొత్త సెట్టును ముందు మీటరుతో పరీక్షించాలి; లెక్క కుదిరిన తరువాతనే గాలిలోని తరంగాలనందుకొనే ఏరియల్ తీగ తగిలించాలి. పరీక్షించే అధికారం పెద్ద శిష్యుడైన సోమయాజులుది. గురువిచ్చిన ఆ మన్ననను అతడు జంద్యమంత జాగ్రత్తగా మోసేవాడు.

వలలల్లే పరదేశి అనే శిష్యుడు కట్టిన సెట్టు ఆనాడు మూడోసారి పరీక్షించే బల్లమీదికి వచ్చింది. సెట్టులోని వాల్వు అనే గాజుబుడ్డి దగ్గర తొంభై వోల్టులుండాలని పుస్తకం. ముల్లు నలభై దాటలేదు.

“మళ్ళీ అంతేనోయ్! వల అల్లినట్టు తీగలు చుడితే రేడియో పలుకుతుందా?” అన్నాడు సోమయాజులు.

పరదేశి నవ్వబోయి నవ్వలేకపోయాడు. “వలకైతే కన్ను తప్పితే చేతికి తెలిసిపోద్దండి, అయ్యగారూ. దీనికేటి తప్పిందో మూడుమాట్లిప్పినా తెలవట్లేదు. రేపు తెల్లారి మా బావ పడవ సముద్రం లోపలికెళ్ళిపోద్ది. వాయుగుండం కబురు చెప్పే గొంతు లేకుండానే పంపుతాను, మరేం చేత్తాను?” అంటూ సెట్టును తువ్వాలులో మూటకట్టసాగాడు.

ఆ మాట సోమయాజులు మనసులో నాటుకున్నది. లేచి వసారాలోని గురువును సమీపించాడు. “గురువుగారూ, అతడి చేతిపనిలో నాకు దోషం కనబడలేదు. ముల్లేమో కాదంటున్నది. ఉన్నదొక్క మీటరు. దాని మాట సత్యమో కాదో దేనితో కొలిచేది?”

విశ్వపతిగారు ఆ సమయాన తమ రేడియోలో వార్తలు వింటున్నారు. పన్నెండేళ్ళుగా తడబడక పలుకుతున్న సెట్టది. దానినెవరూ ఏనాడూ కొలవలేదు. గురువుగారి చేతిపనిని సందేహించడమా! ఆయన దాని వెనుక చెక్క ఊడదీసి, “ఇదీ ఆ పుస్తకంలోని సర్క్యూట్ చూసి కట్టినదే. కొలిచి చూడు” అన్నారు.

సోమయాజులు బెరుకుగా మీటరు తీగల మొనలను వాల్వు దగ్గర తాకించాడు. ముల్లు నలభై దగ్గర నిలిచింది. అంతకన్న వింత, వార్తలు చదివే కంఠం నూతిలోకి జారినట్టు సన్నగిల్లింది. మొనలు తీశాడు, కంఠం నిండుగా లేచింది. మళ్ళీ తాకించాడు, మళ్ళీ కుంగింది. ముల్లు కదలడానికి కొంత విద్యుత్తు కావాలి. దానిని ఆ సెట్టునుంచే తాగుతున్నది. చెంబెడు నీళ్ళలో సగం తానే తాగి, చెంబు తెచ్చినవాడిని వెలితి తెచ్చావేమని గద్దించినట్టున్నది తన తీర్పు. మూడుమార్లు సెట్టును ఇప్పి కట్టిన ఆ వేళ్ళు అతడి కన్నులముందు మెదిలాయి.

పరదేశి అప్పటికి గడప దాటుతున్నాడు. సోమయాజులు పరుగున పోయి, మూట విప్పి, ఏరియల్ తీగను తానే తగిలించాడు. ఒక గురక, ఒక ఈల, ఆపై అదే వార్తల కంఠం స్పష్టంగా పలికింది.

పరదేశి చాలాసేపు చెవి ఒగ్గి విన్నాడు. “ఇది మూడు మాట్లూ పలికేదేనేటండీ?”

“పలికేదే. నేనే విననీయలేదు” అన్నాడు సోమయాజులు. ఆ మూటను తన చేతులతోనే మళ్ళీ కట్టి ఇచ్చాడు.

వసారాకు తిరిగివచ్చి, తలవంచుకొని, “ఇక ఈ మీటరును పారవేయనా?” అని అడిగాడు.

విశ్వపతిగారు తమ సెట్టుకు చెక్క బిగిస్తూ, “మంచి మీటరే, నాయనా. దానికి దాహమున్నదని మాత్రం మరువకు” అన్నారు.

ఈ కథ విన్నవారి చెవి నిర్మలమగుగాక. కడలిమీది ప్రతి పడవకూ వేళకు కబురందుగాక.