పొయ్యి దగ్గరి కార్డులు

సాంబమూర్తికి దిగులు పట్టుకుంది. ప్రత్యేక సంచిక ఎల్లుండి అచ్చుకు వెళ్లాలి. చేతిలో పదకొండు కార్డులే ఉన్నాయి.

నాగావళి ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమ పాఠశాలలో చదివి వెళ్లినవాళ్ల కోసం ఏటా ఒక పత్రిక వేస్తారు. పాఠశాలకు యాభై ఏళ్లు నిండిన ఈ ఏడు ఆ పని సాంబమూర్తి చేతికొచ్చింది. అతనూ అక్కడే చదివి, పాఠశాల నడిపే గురువుగారి శిష్యుడిగా ఉండిపోయినవాడే. ఎప్పుడూ వేసే వ్యాసాలూ సన్మానాల ఫొటోలూ వద్దనుకున్నాడు. "ఇక్కడ విన్నవాటిలో మీరు ఇప్పటికీ మర్చిపోని ఒక్క మాట పోస్టుకార్డు మీద రాసి పంపండి. మీ దస్తూరీతోనే అచ్చువేస్తాం" అని అందరికీ ఉత్తరాలు రాశాడు. ఆలోచన బాగానే ఉంది. అతనికైతే మరీ బాగుంది.

నూట నలభై కార్డులొచ్చాయి. గురువుగారి మాటలున్నవి పదకొండు. మిగతావన్నీ వంటావిడ నూకాలమ్మ మాటలు!

"అన్నీ తిండి కబుర్లే, గురువుగారూ. ఇన్నేళ్లు చదివి వీళ్లకు గుర్తున్నది ఇదా?"

"ఆ కార్డులేవీ?"

"మీరు చూస్తే నొచ్చుకుంటారని, ఇందాకే పొయ్యిలోకి ఇచ్చేశాను."

గురువుగారు గబగబా వంటింటికి నడిచారు. సాంబమూర్తి వెనకాలే వెళ్లాడు. నూకాలమ్మకు చదువు రాదు. పొయ్యిలో చితుకులు పేర్చి, పైన రెండు కార్డులు పెట్టి, అగ్గిపుల్ల గీయబోతోంది. గురువుగారు ఆ రెండూ తీసి, దుమ్ము దులిపి, పీట వాల్చుకుని కూర్చుని పైకి చదివారు.

"'కాకరకాయ తినవని నీకు పప్పు దాచాను, రా.' గండ్రేటి అప్పలస్వామి, రాయగడ."

నూకాలమ్మ అగ్గిపెట్టె కింద పెట్టేసింది. "ఆ బక్కోడా? నా మాట రాశాడా బాబూ?"

"'జొరం తగ్గిందేటి నాన్నా?' పొట్నూరు జగ్గారావు, పలాస."

"జావలో ఉప్పెక్కువడిగేవోడు" అంది.

గురువుగారు పొయ్యి పక్కనున్న కార్డుల సంచి సాంబమూర్తి ముందుకు జరిపారు. "మిగతావి నువ్వు చదివి వినిపించు. పొయ్యి నేను చూస్తాను."

చితుకులు వెలిగించి, గొట్టం తీసుకుని ఊదడం మొదలుపెట్టారు. ఆయనకు ఆ పని అంత బాగా రాదు. వంటిల్లంతా పొగ.

సాంబమూర్తి చదువుతూ పోయాడు. పేరు వినగానే నూకాలమ్మ, వాడికేది ఇష్టమో, వాడేది వదిలేసేవాడో చెప్పేది. మధ్యమధ్య కొంగుతో కళ్లు తుడుచుకునేది. అన్నం దిగేసరికి సంచి ఖాళీ అయింది.

"మరి నువ్వేటి రాశావు బాబూ?"

అతని కార్డు జేబులోనే ఉంది. పాఠంలో విన్న మంచి శ్లోకం ఒకటి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు. దాన్ని బయటికి తీయలేకపోయాడు.

"మా అమ్మ నన్నిక్కడ వదిలి వెళ్లిన రోజు, ఈ గడపలోనే కూర్చుని ఏడుస్తున్నాను. 'ముందు తినీ నాన్నా, తినీసి ఏడుద్దువులే' అన్నావు. తిన్నాక ఏడుపు రాలేదమ్మా."

గురువుగారు పొయ్యి ముందునుంచి తల తిప్పలేదు.

"అది మొదటి పేజీలో వెయ్యి" అన్నారు.