ఇంట్లో ఉండకూడని కార్డు

అనగనగా ఒక ఊళ్ళో పేరిందేవి అని ఒక కోడలు ఉండేదే, బుజ్జీ. వాళ్ళత్తగారు సూరాంబ. మనిషి మంచిదే కానీ, ముందు అరిచి తర్వాత ఆలోచించే రకం. నువ్వు కాళ్ళు ఆడించకుండా విను.

ఆ ఏడు ఇంటికి వెల్ల వేయిద్దామనుకున్నారు. అప్పుడు అటక మీది ట్రంకుపెట్టె కిందికి దిగింది. మూత తీస్తే అన్నీ కాగితాలే.

"ఇవన్నీ మళ్ళీ పైకెక్కించడం నా వల్ల కాదమ్మా. కావలసినవి ఉంచి తక్కినవి పారేద్దాం," అంది సూరాంబ.

అప్పుడు అత్తాకోడళ్ళిద్దరూ కూర్చుని మూడు కుప్పలు పెట్టారు. ఉంచేవి ఒకటి, పారేసేవి ఒకటి, ఎటూ తేలనివి ఒకటి. పొలం పట్టా ఉంచే కుప్పలోకి వెళ్ళింది. ఎప్పుడో మూలపడిన రేడియో రసీదు పారేసే కుప్పలోకి వెళ్ళింది. మామగారి బడి మార్కులు చూసి మాత్రం ఇద్దరూ పడీ పడీ నవ్వి, ఆ కాగితాన్ని తేలని కుప్పలో పడేశారు.

ఆ తర్వాత పెట్టె అడుగున ఒక పెద్దకర్మ కార్డు దొరికింది. పేరిందేవి అక్క మంగతాయారు పోయినప్పుడు వేయించిన కార్డది. అలాంటి కార్డు చదవగానే చింపి పారేస్తారు, గుమ్మం లోపల ఉంచరు. ఈ పిల్లేమో ఎవరికీ చెప్పకుండా దాచేసింది.

సూరాంబ దాన్ని పారేసే కుప్పలో వేసింది. పేరిందేవి తీసి ఉంచే కుప్పలో పెట్టింది. అత్తగారు మళ్ళీ వేసింది, కోడలు మళ్ళీ తీసింది. మూడోసారి అత్తగారు చింపబోతే, కోడలు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

"చావు కార్డు ఇంట్లో ఉంచుకుంటారుటే? పిల్లలు తిరిగే ఇల్లు!" అని అరిచింది సూరాంబ.

"అక్క మొహం దీని మీద తప్ప ఇంకెక్కడా లేదత్తయ్యా. అసలు ఫోటో అచ్చుకిచ్చిన చోటే పోయింది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. దాని గొంతు ఇప్పటికే మర్చిపోయాను. మొహం కూడా మర్చిపొమ్మంటారా?" అని బావురుమంది పేరిందేవి.

సూరాంబ లేచి వెళ్ళి కత్తెర తెచ్చింది. అప్పుడావిడ కార్డు మీది ఫోటో చుట్టూ నెమ్మదిగా కత్తిరించింది.

"పోయిందన్న మాటే కదే ఇంట్లో ఉండకూడనిది. దాన్ని పారేద్దాం. మీ అక్కని మాత్రం ఇంట్లో ఉంచుకో," అంది.

ఆ తర్వాత, అంత చిన్న ముక్కని ఎక్కడ పెట్టాలో కోడలికి తోచలేదు. సూరాంబే రేషన్ కార్డు తీసి, దాని మడతలో పెట్టింది.

"ఇంట్లోవాళ్ళ పేర్లన్నీ ఇందులోనే ఉన్నాయి. మీ అక్కనీ ఇక్కడే ఉండనీ."

అప్పటినుంచి బియ్యానికి వెళ్ళేటప్పుడల్లా పేరిందేవి గుమ్మం దిగి కార్డు తెరిచేది. "అక్కా, బజారుకి పోదాం పద," అనేది. దారంతా ఇంటి కబుర్లు చెప్పేది. రేషనేమో నెలకోసారే ఇస్తారు. పేరిందేవికేమో రోజూ వెళ్ళాలని ఉండేది.

కథేమో కంచి దారి పట్టె,
మా బుజ్జి కంటికి కునుకు పట్టె.