సన్యాసి వేసిన చింతగింజ

పూర్వం ఒక ఊళ్ళో ఇంటి యజమానులు తమకు నచ్చినవాడి కుండలో తలా ఒక చింతగింజ వేసి పెద్దను ఎన్నుకునేవారు. ఆ ఏడు చిన్నంనాయుడు ఒకే ఒక్క గింజ తేడాతో గెలిచాడు.

“నలభై ఒక్క ఇళ్ళు, నలభై ఒక్క గింజలు! ఒక్క యజమానీ రాకుండా ఉండలేదు,” అని లెక్క చూడవచ్చిన రాజోద్యోగి ముందు మీసం దువ్వాడు.

బుట్టలల్లే గవిరమ్మ ఆ మీసానికే దండం పెట్టింది. “మా ఆయన సన్యాసి కూడా వచ్చాడా బాబూ?”

రాలేదంటే లెక్క తప్పుతుంది. “వచ్చాడు, నాకే వేశాడు,” అన్నాడు నాయుడు.

జనం నోళ్ళు నొక్కుకున్నారు. సన్యాసి పోయి రెండేళ్ళయింది. యజమాని లేడన్న వంకతోనే వాళ్ళ వెదురుతోటను నాయుడు కలిపేసుకున్నాడు.

“ఎంత చల్లని మాట చెప్పారు! బతికే ఉన్నాడుగా, తోట ఇచ్చేయండి. లేదూ, పోయాడంటారా, ఆ గింజ తీసేయండి,” అంది గవిరమ్మ.

గింజ తీస్తే గెలుపు పోతుంది. రాజోద్యోగి అప్పటికే కుండలోకి తొంగి చూస్తున్నాడు.

“తోట నీదేలే,” అని గొణిగాడు నాయుడు.

గవిరమ్మ రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. “పై ఏడు మా మావగారిని కూడా పిలవండి బాబూ. ఆయన మడిచెక్క కూడా తమ దగ్గరే ఉంది.”