రాజుగారి నోట ఓహోం

ఒకానొక రాజ్యంలో రాజు కంటే ఆయన పల్లకీకే పేరెక్కువ. అది బయలుదేరిందంటే పక్క వీధి దాకా వినిపించేది. మోసే బోయీలు ఎనిమిది మందీ నడిచినంతసేపూ "ఓహోం, ఓహోం" అంటూనే ఉండేవారు.

రాజు ప్రచండసేనుడు కొత్తగా పట్టానికి వచ్చాడు. బాగా తింటాడు. అది తప్పేం కాదు, అందుకే రాజయ్యాడని కూడా కొందరంటారు. ఒకనాడు పల్లకీలో ఒరిగి ఆ ఓహోం వింటుంటే, వీళ్ళు తన బరువుకే మూలుగుతున్నారని ఆయనకు అనుమానం వచ్చింది. మనకొస్తే అనుమానం, రాజుకొస్తే శాసనం. సాయంత్రానికల్లా దండోరా వేశారు. పల్లకీ మోస్తూ ఓహోం అన్నవాడు రాజ్యం విడిచిపోవాలి. ఇకమీదట లోపలి నుంచి ఏలినవారే "కుడి, ఎడమ" అని సెలవిస్తారు, అలా నడవాలి.

మర్నాడు అలాగే నడిచారు. రాజుగారి "కుడి" ముందువాడి చెవిన పడేసరికి వెనకవాడు ఎడమలో ఉన్నాడు. నడిబజారులో పల్లకీ ఎగిరిపడింది. కిరీటం జారి రాజుగారి ముక్కు మీద ఆగింది. ముక్కు అంతటిది కాబట్టి ఆగిందని, కూరలమ్మే సూరమ్మ ఇప్పటికీ అందరికీ చెబుతూనే ఉంది.

"ఎల్లుండి ఉత్సవం కాగానే ఈ ఎనిమిది మందీ పెళ్ళాం పిల్లలతో పొలిమేర దాటాలి" అన్నాడు రాజు.

బోయీల పెద్ద గంగులు రొప్పుకుంటూ ఆస్థాన విదూషకుడు పేరన్న ఇంటికి వచ్చిపడ్డాడు.

"ఇంతకీ ఆ ఓహోం అంటే ఏమిటి గంగులూ?" అని అడిగాడు పేరన్న.

"అదొక ఊపిరి బాబయ్యా. వెనకబడ్డవాడు విని వెంట్రుకంత తొందరపడతాడు. ముందుపడ్డవాడు వెంట్రుకంత నిదానిస్తాడు. పక్కవాడి అడుగు ఎక్కడుందో భుజం మీది పల్లకీ దండె కూడా చెబుతుంది. పది బారలు పోయేసరికి అందరిదీ ఒకే కాలు."

"మరి మీలో ఆజ్ఞ ఇచ్చేది ఎవరు?"

"ఎవరూ ఇవ్వరు బాబయ్యా. అదే కుదురుతుంది."

పేరన్నకు ఆ మాట పంచదార చిలకలా నచ్చింది. నములుకుంటూ మర్నాడు సభకు వెళ్ళి, ఉన్నది ఉన్నట్టు విన్నవించాడు.

రాజు నవ్వాడు. "ఆజ్ఞ లేకుండా నలుగురి కాళ్ళు కలుస్తాయా? కలిస్తే నేనెందుకు?"

ఆస్థాన పండితుడు వెంటనే తలూపాడు. ఆయన తల ఊగడానికి రాజుగారి పెదవి కదిలితే చాలు.

"నాదే పొరపాటు ప్రభూ" అన్నాడు పేరన్న. "రేపు ఉత్సవంలో దేవుడి పల్లకీని ఆనవాయితీ ప్రకారం తమరూ, మంత్రిగారూ, సేనాపతిగారూ, పండితులవారూ మోస్తారు కదా. తమ శాసనం దానికీ వర్తిస్తుందా?"

"ఆజ్ఞ అంటే ఆజ్ఞే. ఎవరికైనా ఒకటే."

మర్నాడు కోటగుమ్మం దగ్గర నలుగురూ దండె కింద భుజాలు పెట్టారు. లోపల నిలువెత్తు కంచు దేవుడు. "కుడి" అన్నాడు రాజు. సేనాపతి గజం అడుగు వేశాడు. మంత్రి, ఎప్పటిలాగే, ఎటు అడుగు వేస్తే క్షేమమో చూస్తూ నిలబడ్డాడు. పండితుడు ఏది కుడి అని ఇంకా నిర్ధారిస్తున్నాడు. దేవుడు పక్కకు ఒరిగాడు. పూలదండ తెగింది. పూజారి గుండె పట్టుకున్నాడు. పల్లకీ కింద పడితే రాజ్యానికే అరిష్టమని జనం ఊపిరి బిగబట్టారు. గుంపులో గంగులుకు భుజం దానంతటదే లేచింది.

రాజు దండెను రెండు చేతులా పట్టుకున్నాడు. ఎడమ అనబోయాడు, ఊపిరి చాలలేదు. వచ్చింది ఒకటే.

"ఓహోం."

వెనకనుంచి సేనాపతి, "ఓహోం."

మంత్రి కొంచెం ఆలస్యంగా, పండితుడు కొంచెం తొందరగా అన్నారు. మరుసటి అడుగుకు ఆ ఆలస్యం తగ్గింది, ఈ తొందరా తగ్గింది. దండె ఊగి ఒకరి అడుగు ఒకరికి చెప్పింది. పది బారల్లో నాలుగు గొంతులూ ఒక గొంతు, ఎనిమిది కాళ్ళూ ఒక నడక. చూస్తున్న జనం చప్పట్లు కొట్టారు. మొదట వడగళ్ళ వానలా ఎవరికి వారే కొట్టినవి, కాసేపటికి అడుగుకొక్కటై ఊరంతా మోగాయి. దేవుడు నీళ్ళ మీద పడవలా గుడి చేరాడు.

పల్లకీ దించగానే పేరన్న చేతులు కట్టుకుని వచ్చాడు.

"ఇందాక కాళ్ళు కలిశాయి ప్రభూ. ఆజ్ఞ ఎవరిచ్చారో చెబితే రాసుకుంటాను."

రాజు చెమట తుడుచుకున్నాడు.

"ఇంకొక్క సందేహం. తమరు అన్న ఆ ఓహోం దేవుడి బరువు గురించేనా?"

పండితుడు తలూపబోయి ఆగాడు. ఎటు ఊపాలో ఆయనకు తెలియలేదు. రాజు దేవుడి వైపు చూశాడు, గంగులు వైపు చూశాడు, తన పొట్ట వైపు కూడా ఒకసారి చూసుకుని పగలబడి నవ్వాడు.

"శాసనం ప్రకారం ముందు నేనే పొలిమేర దాటాలన్నమాట. దానికంటే శాసనాన్నే దాటించడం తేలిక" అని తన భుజం మీది పట్టుశాలువా తీసి పేరన్నకు కప్పాడు. గంగులు చేతికి బంగారు కడియం తొడిగాడు.

ఆ తర్వాత పల్లకీ వస్తుంటే ఎనిమిది కాదు, తొమ్మిది గొంతులు వినిపించేవట. తొమ్మిదోది లోపలి నుంచి. అది మొదట్లో కాస్త తప్పినా, పది బారల్లో కుదిరేదని సూరమ్మే చెప్పింది.